ఈ కారు ఎందుకింత చవక?



మా విశాఖపట్నంలో సెకండ్ హ్యాండ్ కార్ల బేరం ఓ పద్ధతిలో నడుస్తుంది. ఏ సంవత్సరం మోడలు, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎంతమంది చేతులు మారింది, టైర్లు ఎలా ఉన్నాయి... ఇవన్నీ చూసి బ్రోకరు ఒక అంకె చెబుతాడు, మనం ఇంకో అంకె చెబుతాం, మధ్యలో ఎక్కడో తెగుతుంది. ఆ లెక్కకు లొంగని బండి ఒకటి నా దగ్గరుంది. ఫియట్ పాలియో, 1.6 జీటీఎక్స్, 2002 మోడలు, ఎర్ర రంగు. ధరెంత అని అడిగితే బ్రోకరు బండి వైపు చూడలేదు, నా మొహం వైపు చూశాడు. "మీకు తోచింది ఇవ్వండి సార్" అన్నాడు. మంచి స్మార్ట్‌ఫోను ఒకటి కొనే డబ్బుతో కారు ఇంటికొచ్చేసింది.

వంద హార్స్ పవర్ ఇంజను, పదహారు వాల్వులు. ముందు భాగం తీర్చిదిద్దింది జోర్జెట్టో జుజారో. 1999లో శతాబ్దపు కార్ డిజైనర్ అని ప్రపంచం బిరుదిచ్చిన మనిషి. అలాంటి బండిని అమ్మేవాడు మనకు తోచింది ఇమ్మంటున్నాడంటే అర్థమేమిటి? ఈ పూట ఆ సంగతే మాట్లాడుకుందాం.

ఇలాంటి బండ్లను కార్ల పిచ్చి ఉన్నవాళ్లు హాట్ హ్యాచ్ అంటారు. వెనక డిక్కీ పెట్టెలా పొడుచుకు రాకుండా, వెనక తలుపు మొత్తం పైకి లేచే చిన్న కారుంటుంది చూడండి, అది హ్యాచ్‌బ్యాక్. కూరగాయలకు, స్కూలుకు, ఆఫీసుకు వెళ్లే కారు. దానిలోనే కాస్త పెద్ద ఇంజను పెట్టి, సస్పెన్షను బిగించి, వెడల్పు టైర్లు వేస్తే హాట్ హ్యాచ్ అవుతుంది. పైకి సంసారపక్షంగానే ఉంటుంది. యాక్సిలరేటరు మీద కాలు పెడితేగానీ లోపలి మనిషి బయటపడడు.

ఈ రకం బండి పేరెత్తితే అందరూ 1976లో వచ్చిన జర్మన్ల గోల్ఫ్ జీటీఐ పేరే చెబుతారు. నాకు ఆ లెక్క నచ్చదు. దీని పుట్టుక ఇటలీలోనే ఉంది, అదీ లేమిలో. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఇటలీ చితికిపోయి ఉంది. సందులు ఇరుకు, పెట్రోలు ప్రియం, ఇంజను సైజును బట్టి పన్ను. అందుకని 1957లో ఫియట్ కంపెనీ 500 అనే బుల్లి కారు తెచ్చింది. 479 సీసీ, 13 హార్స్ పవర్. ఇవాళ మన వీధిలో తిరిగే 150 సీసీ మోటారుసైకిలుకు దాదాపు అంతే ఉంటుంది. కుర్రాళ్ల చేతిలో డబ్బు లేదు, కానీ కుర్రతనం ఉంది. ఆ సంగతి కనిపెట్టినవాడు కార్లో అబార్త్.

అబార్త్ పుట్టింది 1908లో, వియన్నాలో. ఇటలీలో స్థిరపడి 1949లో సొంత కంపెనీ పెట్టాడు. పాశ్చాత్యుల లెక్క ప్రకారం ఆయనది వృశ్చిక రాశి, అందుకే కంపెనీ గుర్తుగా తేలును పెట్టుకున్నాడు. ఆయన చేసిన పని చెబితే మన ఆటోనగర్ కుర్రాళ్లు ఎంతో ముచ్చటపడతారు. ఫియట్ కార్లకు సరిపోయే సైలెన్సర్లు, కార్బురేటర్లు, పిస్టన్లు తయారుచేసి అమ్మేవాడు. 1963లో ఆ బుల్లి కారు ఇంజను మీద పనితనం చూపించి 27 హార్స్ పవర్ రాబట్టాడు. సామాను మొత్తం చెక్కపెట్టెలో పెట్టి అమ్మితే, కొన్నవాళ్లు ఊళ్లో మేస్త్రి దగ్గర బిగించుకునేవారు. మనిషి పట్టుదల కూడా మామూలుది కాదు. 1965లో ఓ రికార్డు కారులోకి తన ఒళ్లు పట్టకపోతే యాపిల్ పండ్లు తిని 30 కిలోలు తగ్గాడు. కారును పెద్దది చేయొచ్చు కదా అని నాకనిపిస్తుంది. ఆయనకు అనిపించలేదు.

1971లో ఫియట్ ఆయన కంపెనీని కొనేసింది. అదే ఏడాది ఆటోబియాంకి ఏ112 అబార్త్ అని ఓ చిన్న హ్యాచ్‌బ్యాక్ వచ్చింది. 982 సీసీ, 58 హార్స్ పవర్. గోల్ఫ్ జీటీఐ రావడానికి ఐదేళ్ల ముందు మాట ఇది. పైగా ఆ గోల్ఫ్ ఆకారం గీసింది కూడా మన జుజారోయే. తర్వాత 1985లో ఫియట్ ఊనో టర్బో వచ్చింది. 1.3 లీటర్ల ఇంజనులోంచి 105 హార్స్ పవర్ పిండారు. ఇటలీ కారు అనగానే మనకు ఫెరారీ గుర్తొస్తుంది. నా మట్టుకు నాకు వాళ్ల అసలు పనితనం ఈ చిన్న కార్లలోనే కనిపిస్తుంది. కోట్లు ఇచ్చి వేగం కొనడంలో గొప్పేముంది? గుమాస్తా జీతంలో వేగాన్ని ఇరికించడం గొప్ప.

మన దేశంలో ఫియట్ కథ పెద్దవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు కట్టిన ఫియట్ 1100, అదే తర్వాత ప్రీమియర్ పద్మిని. అంబాసిడర్ కలెక్టరుగారిది, ఫియట్ డాక్టరుగారిది. స్టీరింగు పక్కన గేరు కర్ర. 1996లో ఊనో వచ్చినప్పుడు బుకింగులు వెల్లువెత్తాయి, బండ్లు మాత్రం జనానికి సమయానికి అందలేదు. ఆ తర్వాత 2001లో పాలియో వచ్చింది. ప్రచారానికి సచిన్ టెండూల్కర్‌ను పెట్టారు. టెస్టుల్లో బ్రాడ్‌మన్ 29 సెంచరీలను సచిన్ అందుకున్నందుకు 2002లో రేసు డ్రైవరు మైకేల్ షూమాకర్ చేత ఫెరారీ 360 మోడెనా ఇప్పించింది కూడా ఫియటే. సచిన్‌కు ఫెరారీ, మనకు పాలియో. మనకే మంచిది దక్కిందని నా వాదన. ఆ ఫెరారీని గాజువాక ట్రాఫిక్‌లో ఎక్కడ నడుపుతారు?

అప్పట్లో మిగతా చిన్న కార్లు అరవై హార్స్ పవర్ దరిదాపుల్లో ఉండేవి. 1.6 పాలియోకు వంద. తలుపు వేస్తే ధబ్బుమని, ఇనప్పెట్టె మూసినట్టు శబ్దం. కానీ మన దేశంలో కారు గురించి మొదటి ప్రశ్న ఒకటే: ఎంతిస్తుంది? ఊళ్లో తిప్పితే లీటరుకు రెండంకెలు చేరడం కష్టం అని దీనికి పేరు పడిపోయింది, ఆ పేరు అబద్ధం కాదు. సర్వీసు సరిగా అందదన్న మాట కూడా తోడైంది. కొన్నేళ్లకు ఫియట్ టాటాలతో చేయి కలిపి పుణె దగ్గర రంజన్‌గావ్‌కు మారింది. 2009లో పుంటో వచ్చింది. 2015లో దానికే 145 హార్స్ పవర్ టర్బో ఇంజను పెట్టి, తేలు గుర్తు తగిలించి, పది లక్షలకు అయిదు వేలు తక్కువకు అబార్త్ పుంటో అమ్మారు. మన దేశంలో అమ్మిన హాట్ హ్యాచ్‌లలో నిఖార్సయినది అదే. అదీ ఎక్కువ మంది కొనలేదు. 2020లో బీఎస్-6 నిబంధనలు వచ్చే వేళకు ఫియట్ పేరుతో కార్లు అమ్మడమే ఆగిపోయింది.

చవకతనానికి మూలం అక్కడుంది. బండిలో ఏదో లోపముందని కాదు, బండి వెనక షోరూము లేదు. రేపు ఏదైనా విరిగితే ఎవరి గుమ్మం తొక్కాలి అన్న భయం ఉందే, దాన్ని ధరలోంచి మినహాయిస్తారు. అంటే మనకు తగ్గించి ఇచ్చినదంతా మనం ఆ భయాన్ని మోయడానికి ఇచ్చిన కూలి. ఇది మొదటే ఒప్పుకుంటే ఇలాంటి బండితో సుఖపడతాం. చవగ్గా కొట్టేశామనుకుంటే మాత్రం ఏడుస్తాం. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అంటారే, ఆ గుమ్మడికాయ ఎంత ఉంటుందో ఇప్పుడు చెబుతాను.

అన్నిటికంటే ముందు టైమింగ్ బెల్టు. ఇంజను కింది భాగంలో క్రాంక్ షాఫ్టు ఉంటుంది, పిస్టన్లు దాన్ని తిప్పుతాయి. పై భాగంలో క్యామ్ షాఫ్టులు ఉంటాయి, అవి వాల్వులను తెరిచి మూస్తాయి. పైదాన్నీ కిందిదాన్నీ కలిపి తిప్పేది పళ్లున్న ఒక రబ్బరు బెల్టు. కింది షాఫ్టు రెండు చుట్లు తిరిగితే పై షాఫ్టు ఒక చుట్టు తిరగాలి. ఒక్క పన్ను తప్పినా తాళం తప్పుతుంది. ఈ ఇంజనులో పిస్టను పైకొచ్చే చోటూ వాల్వు కిందికి దిగే చోటూ ఒకటే. ఒకటి తప్పుకున్నాకే రెండోది రావాలి. బెల్టు తెగిందంటే ఆ మర్యాద ఉండదు. పిస్టను వచ్చి వాల్వును గుద్దుతుంది, వాల్వు వంగిపోతుంది. పదహారు వాల్వుల తల విప్పి బాగుచేయించే ఖర్చుతో ఇంకో పాలియో కొనుక్కోవచ్చు.

ఇందులో జనం మోసపోయే చోటు ఒకటుంది. "బండి అసలు తిరగలేదండి, షెడ్డులోనే ఉంది" అని అమ్మేవాళ్లు గొప్పగా చెబుతారు. గాజువాక ఆటోనగర్‌లో నా బండి చూసే మేస్త్రి, పద్మినీల కాలం నుంచి ఆ పనిలో ఉన్నాయన. ఆయన ఆ మాటకు నవ్వుతాడు. "రబ్బరు బాబూ అది. తిరిగితే అరిగిపోద్ది, తిరక్కపోతే ఎండిపోద్ది. రెండోది మనకి కనపడదు" అంటాడు. అందుకని బెల్టుకు కిలోమీటర్ల లెక్కతోపాటు సంవత్సరాల లెక్క కూడా ఉంటుంది. నాలుగైదేళ్లకు మార్చేయాలి. బెల్టుతోపాటు టెన్షనరు, వాటరు పంపు కూడా. అంత విప్పాక అవి పాతవే ఉంచేయడం వట్టి లోభితనం.

రబ్బరు అంటే బెల్టు ఒక్కటే కాదు. సస్పెన్షను బుష్‌లు రబ్బరు, ఇంజనును పట్టుకున్న మౌంటులు రబ్బరు, కూలెంటు గొట్టాలు రబ్బరు, తలుపుల చుట్టూ బీడింగు రబ్బరు. ఇరవై ఏళ్లు దాటిన ఏ కారుకైనా, అది ఏ దేశానిదైనా సరే, ఇవన్నీ ఒకేసారి ముసలివవుతాయి. రోడ్డు మీద గుంటలో పడ్డప్పుడల్లా కింద గణగణమని మోగితే బండి పోయిందని భయపడతారు. పోయింది బండి కాదు, లోయరు ఆర్ముల బుష్‌లు. మార్చిన రోజు కారు మళ్లీ బిగువుగా తయారవుతుంది.

మా ఊళ్లో ఇంకో శత్రువు ఉంది, సముద్రం. బీచ్ రోడ్డు పక్కన కాపురముంటే ఉప్పు గాలి రాత్రింబవళ్లు రేకును తింటూనే ఉంటుంది. పెయింటు మీద కనిపించే తుప్పు పెద్ద లెక్కలోది కాదు. తలుపుల అంచు కింద, కార్పెట్టు ఎత్తితే కనిపించే చోట, స్టెప్నీ గుంటలో ఉన్న తుప్పు చూడాలి. నా బండి కింద ఏటా వానలకు ముందు కోటింగు వేయిస్తాను. ఎలుకల సంగతి వేరే చెప్పాలా? వైరింగు కొరికే విషయంలో ఎలుకకు ఇటలీ, జపాన్ అన్న తేడా లేదు.

ఇక కాగితాల ఖర్చు. దీనిది 1596 సీసీ ఇంజను. 1500 సీసీ దాటిన సొంత కారుకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు, 2022లో ప్రకటించిన రేటు ప్రకారం, ఏడాదికి 7,897 రూపాయలు. 1000 నుంచి 1500 సీసీ మధ్యదైతే 3,416. అంటే పై 96 సీసీ కోసం రెట్టింపుకు పైగా కడుతున్నాను. జీఎస్టీ అదనం. సంతోషంగా కడుతున్నానని చెప్పను గానీ, ఆ 96 సీసీ ఏం చేస్తుందో కాసేపట్లో చెబుతాను. ఆర్సీ పదిహేనేళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత అయిదేళ్లకోసారి బండిని ఆర్టీవో దగ్గరికి తీసుకెళ్లి చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజును పదివేలు చేశారు. గ్రీన్ ట్యాక్సు దానికి వేరు. ఢిల్లీలోలాగా ఇంత పాత పెట్రోలు బండి రోడ్డెక్కకూడదన్న నియమం మనకు లేకపోవడం ఒక్కటే ఊరట.

పెట్రోలు కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసినది. 2002లో బిగించిన ఫ్యూయల్ గొట్టాలకు ఈ సంగతి తెలియదు. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు ముందే మార్చాల్సి రావచ్చని పెట్రోలియం శాఖే ఒప్పుకుంది. ఫ్యూయల్ లైను మొత్తం కొత్త రబ్బరుతో మార్పించుకోవడమే తెలివైన పని. ఖర్చు తక్కువే. నిప్పుతో చెలగాటం ఎందుకు?

సామాను దొరుకుతుందా అని అందరూ అడుగుతారు. దొరుకుతుంది, కానీ షాపుకెళ్లి అడిగితే దొరకదు, మనుషుల్ని అడిగితే దొరుకుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో కాకపోతే ముంబై కుర్లాలో. విచిత్రం చూడండి, ఈ కారు తయారైనది కుర్లాలో, ఇప్పుడు పాత కార్ల సామాను వీధి ఉన్నదీ కుర్లాలోనే. ఈ బండ్లున్నవాళ్లకు వాట్సాప్ గ్రూపులున్నాయి. హెడ్‌లైటు ఒకటి కావాలని రాత్రి రాస్తే తెల్లారేసరికి ఎవరో కోయంబత్తూరు నుంచి ఫొటో పెడతారు. కొరియర్‌లో మూడో రోజు గుమ్మంలో ఉంటుంది. బ్రెజిల్‌లో పాలియో చాలా ఏళ్లు మామూలు జనం కారు. 2014లో ఆ దేశంలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైన కారు అదే. ఫోక్స్‌వ్యాగన్ గోల్ 27 ఏళ్లుగా ఏలుతున్న పీఠాన్ని లాక్కుంది. మన దగ్గర పేరు చెబితే నవ్వే బండికి అక్కడ అంత వైభోగం!

మరి ఇంత ఖర్చు పెట్టి, ఇంత తిరిగి, ఏం దక్కుతుంది? ఆదివారం పొద్దున్నే నాతో శృంగవరపుకోట దాకా రండి. అక్కడ ఇడ్లీ తిని అరకు ఘాట్ ఎక్కుదాం. కొండ మొదలయ్యేదాకా ఈ బండి మామూలు బండే. పైగా కాస్త మొరటు. క్లచ్చు బరువు, ఏసీ వేస్తే నిట్టూరుస్తుంది. త్యాడ దాటాక మలుపులు దగ్గర పడతాయి. రెండో గేరులో పెట్టి యాక్సిలరేటరు తొక్కి చూడండి. మూడున్నర వేల ఆర్పీఎం దాకా ఇంజను ఏమీ మాట్లాడదు. అక్కడి నుంచి గొంతు మారుతుంది, అయిదు వేల దగ్గర పాడుతుంది. ఆ 96 సీసీ అక్కడే పనిచేస్తుంది.

ఇప్పటి కార్లలో స్టీరింగును కరెంటు మోటారు తిప్పుతుంది. వేలితో తిరుగుతుంది, హాయిగానే ఉంటుంది, కానీ ముందు టైర్లు ఏ నేల మీద ఉన్నాయో చేతికి తెలియదు. పాలియోది పాత పద్ధతి, ఆయిలు ఒత్తిడితో నడిచే స్టీరింగు. తడి రోడ్డు మొదలైన చోటు, మలుపులో ఇసుక ఉన్న చోటు, టైరు పట్టు సడలబోతున్న క్షణం అన్నీ అరచేతికి తెలిసిపోతాయి. గాలికొండ దగ్గర మలుపులో ముప్ఫై అయిదు, నలభై కిలోమీటర్ల వేగంలో ఉంటాం, అంతే. అక్కడ అంతకంటే వేగం ఉండకూడదు కూడా. ఎదురుగా ఆర్టీసీ బస్సు రావచ్చు, రోడ్డు మధ్యలో మేక ఉండొచ్చు. ఆ నలభైలోనే ఒళ్లు పులకరిస్తుంది. మూడు వందల హార్స్ పవర్ కారులో ఇదే మలుపు నిద్రపోతూ తిరిగినట్టుంటుంది. దానికి సరదా మొదలయ్యే వేగానికి మనం జైల్లోనో ఆస్పత్రిలోనో ఉంటాం. తిరుమల ఘాట్‌లో మాత్రం మనకూ దానికీ తేడా లేదు. నిర్ణీత సమయం కంటే ముందు చేరితే ఫైను రాస్తారు, ఎవరైనా ఒకటే.

ఒక సంగతి దాచకూడదు. 2002 నాటి కారుకు ఇప్పటి కార్ల రక్షణ ఉండదు. అందుకే నేను పవరు పెంచడానికి ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేదు, బ్రేకులకు, టైర్లకు పెట్టాను. ఇంట్లో ఇదొక్కటే కారైతే కూడా కష్టం. మా ఇంట్లో ఇంకో చిన్న ఆటోమేటిక్ ఉంది, అది ఏ రోజూ ఏ కథా చెప్పదు. "కొండకి మీ ఎర్ర బండి, ఆస్పత్రికి నా తెల్ల బండి" అని మా ఆవిడ పంపకం చేసేసింది. ఆ పంపకంతో నాకు పేచీ లేదు.

మీలో ఎవరికైనా ఇలాంటి బండి మీద మనసుంటే, పాలియో కానివ్వండి, అబార్త్ పుంటో కానివ్వండి, కొన్న ధరకు సమానమైన డబ్బు మొదటి ఏడాది మరమ్మతులకు పక్కన పెట్టుకోండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు బండిని చూస్తామని ముందే చెప్పండి, మీరు వెళ్లేసరికి అది వేడిగా ఉంటే వెనక్కి వచ్చేయండి. కార్పెట్టు ఎత్తి చూడండి. టైమింగ్ బెల్టు ఈ మధ్యే మార్పించామని అమ్మేవాళ్లు చెబితే బిల్లు అడగండి. బిల్లు లేదంటే మార్చలేదనే లెక్క. అప్పుడు బండిని నడుపుకుంటూ ఇంటికి తీసుకురావద్దు, టోయింగు బండి మీద తిన్నగా షెడ్డుకు పంపించండి.

ఇదంతా మా వల్ల కాదంటారా, ఫియట్ అంటే భయమంటారా, ఓ పాత మారుతి స్విఫ్ట్ డీజిల్ కొనుక్కోండి. బంగారంలాంటి బండి. లీటరుకు బాగా ఇస్తుంది, ప్రతి ఊళ్లోనూ మెకానిక్ ఉంటాడు, సామాను కిరాణా కొట్టులో దొరికినంత తేలిగ్గా దొరుకుతుంది. దాని బోనెట్ కింద ఉన్న 1.3 మల్టీజెట్ ఇంజను ఫియట్ వాళ్లదే.